పదహారులో ఆ ఒకటి ఎంత? చిన్నపిల్లలకు సంఖ్యలు ఒంటబట్టాలంటే

మీ పాపో బాబో ఒకటి నుంచి వంద దాకా గడగడా చెప్పేస్తుంటే ముచ్చటగానే ఉంటుంది, చుట్టాలొచ్చినప్పుడు పిలిచి చెప్పించడమూ మామూలే. కానీ ఓసారి ఈ చిన్న పని చేసి చూడండి. 16 చింతగింజలు నేల మీద పోసి లెక్కపెట్టమనండి. పదహారు అన్నాక పలక మీద 16 రాయమనండి. అందులో 6 చూపించి 'ఇది ఎన్ని గింజలో తీసి పెట్టు' అంటే ఆరు గింజలు పక్కకు తీస్తారు, బానే ఉంటుంది. ఇప్పుడు ఆ 1 చూపించి అదే అడగండి. చాలామంది పిల్లలు ఒకే ఒక్క గింజ తీసి పెడతారు. మరి మిగిలిపోయిన తొమ్మిదీ ఎవరివి అంటే మన మొహం కేసి ఒకసారి, గింజల కేసి ఒకసారి చూస్తారు. పిల్లల ఆలోచన ఎలా ఎదుగుతుందో పరిశోధించిన పియాజే అనే స్విస్ మనస్తత్వవేత్త దగ్గర చదువుకున్న కాన్‌స్టెన్స్ కామీ అనే పరిశోధకురాలు ఈ ప్రశ్నతోనే పిల్లల్ని పరీక్షించింది, ఒకటో తరగతి వాళ్ళే కాదు, పై తరగతుల పిల్లల్లో కూడా బోలెడుమంది ఆ ఒక్కటే చూపించారు. కాబట్టి మీ పిల్లాడు అలా చేస్తే టెన్షన్ పడకండి, తిట్టకండి.

ఎందుకిలా అవుతుందో ఎల్‌కేజీ నోటు పుస్తకం తిరగేస్తే తెలిసిపోతుంది. 20 నుంచి 29 దాకా రాయమంటే పిల్లలు ముందు 2, 2, 2 అంటూ పైనుంచి కిందికి ఒక వరుస దించేస్తారు, తర్వాత దాని పక్కన 0 నుంచి 9 దాకా ఇంకో వరుస దించేస్తారు. పేజీ నిండుతుంది, టీచరు టిక్కు పెడుతుంది, ఇరవై ఐదు అంటే ఎన్నో మాత్రం ఆ పేజీ మొత్తంలో ఎక్కడా తగలదు. అందుకే నేను చెప్పేది ఒకటే, రాయించడం కాస్త వెనక్కి జరపండి, చేత్తో పదేసి కట్టలు కట్టించడం ముందుకు తెండి. చిన్న తరగతుల పిల్లలకు చదవడం, లెక్కలు రావాలని 2021లో కేంద్రం మొదలుపెట్టిన నిపుణ్ భారత్ పథకం లక్ష్యాలు చూసినా ఒకటో తరగతికి ముందు ఏడాది 10 వరకు అంకెలు గుర్తుపట్టి చదివితే చాలు, 99 వరకు చదవడం, రాయడం ఒకటో తరగతికి, 999 వరకు రెండో తరగతికి, 9999 వరకు మూడో తరగతికి. మరి నాలుగేళ్ళ పిల్లతో వంద దాకా రాయించమని ఎవరు తొందరపెడుతున్నారో నాకైతే అర్థం కాదు.

మొదటి మెట్టు: పది లోపు గట్టిపడాలి

వల్లించడం వేరు, లెక్కపెట్టడం వేరు. మూడు నాలుగేళ్ళ పిల్లలకు వేలు ఒక వేగంతో నడుస్తుంది, నోరు ఇంకో వేగంతో నడుస్తుంది, ఐదు గింజలుంటే ఏడు దాకా వెళ్ళిపోతారు. దీనికి తేలికైన మందు, గింజను వేలితో చూపించి ఊరుకోకుండా చేత్తో జరిపించడం. ఒక గిన్నెలోంచి తీసి ఇంకో గిన్నెలో వేస్తూ, వేసినప్పుడే అంకె చెప్పాలి. ఇంట్లో వామనగుంటల పీట ఉంటే ఇంకా మంచిది, గుంటకొక గింజ వేసుకుంటూ పోవడమే కదా ఆ ఆట. (మూడేళ్ళలోపు పిల్లలకు గింజలొద్దు, ముక్కులో పెట్టుకుంటారు. వాళ్ళకు చెంచాలు, గిన్నెల్లాంటి పెద్ద వస్తువులు ఇవ్వండి.)

లెక్కపెట్టడం అయ్యాక 'అయితే మొత్తం ఎన్ని?' అని అడగండి. కొందరు జవాబు చెప్పకుండా మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెడతారు. ఆఖరున పలికిన అంకే మొత్తం అన్న సంగతి వాళ్ళకింకా తట్టలేదన్నమాట. ఇది చెబితే వచ్చేది కాదు. రోజూ 'నాకు నాలుగు బెండకాయలు అందివ్వు', 'మనం ఐదుగురం, తాతయ్య ఊరెళ్ళాడు, కంచాలు ఎన్ని పెట్టాలి' అని పనులు చెప్తుంటే ఒకరోజు అదే వచ్చేస్తుంది. మధ్యమధ్యలో మీరే తప్పు లెక్కపెట్టండి, ఒకదాన్ని వదిలేయండి, ఒకదాన్ని రెండుసార్లు లెక్కించండి, పట్టుకుంటే పిల్లలకు ఎంత ఆనందమో! అదే గింజలను దూరం దూరంగా పరిచి 'ఇప్పుడు ఎక్కువయ్యాయా?' అని అడగండి. ఎక్కువయ్యాయి అంటే అనుకోనివ్వండి, మళ్ళీ లెక్కపెట్టనివ్వండి, వాళ్ళంతట వాళ్ళే 'అరే, అవే' అనాలి.

రెండో మెట్టు: లెక్కపెట్టకుండా చూడటం

అష్టాచెమ్మా ఆడే పెద్దవాళ్ళు గవ్వలు పడగానే ఎన్ని వెల్లకిలా పడ్డాయో చెప్పేస్తారు, ఎవరూ ఒకటి రెండు అని లెక్కపెట్టరు. ఈ చూపు పిల్లలకు రావాలి. నాలుగు గవ్వలతో మొదలుపెట్టండి, తర్వాత పాచిక చుక్కలు.

ఐదు దాటాక ఒట్టి చూపు సరిపోదు, ఒక అమరిక కావాలి. దానికి కిరాణా కొట్లో 30 గుడ్లు పట్టే అట్ట అడిగి తెచ్చుకోండి. దాంట్లో ఆరు వరుసలు, వరుసకు ఐదు గుంటలు. రెండేసి వరుసల చొప్పున కత్తిరిస్తే పదేసి గుంటల ముక్కలు మూడొస్తాయి. ఇలాంటివే ఆన్‌లైన్‌లో ప్లాస్టిక్‌వి అమ్ముతారు, అవసరం లేదు. ఒక ముక్కలో ఏడు సీసా మూతలు పెట్టి ఒక్క క్షణం చూపించి టవల్ కప్పేయండి. ఎన్ని ఉన్నాయి? ఎలా చెప్పావు? 'పై వరుస నిండుగా ఉంది, కింద రెండు' అన్నారంటే ఏడులో ఐదూ రెండూ కనిపించాయని. 'మూడు ఖాళీ ఉన్నాయి కాబట్టి ఏడు' అన్నారంటే ఇంకా సంతోషించండి, ఆ పిల్లకు పది కనిపిస్తోంది. 'ఎలా చెప్పావు' అన్న ప్రశ్న మాత్రం జవాబు తప్పయినా ఒప్పయినా అడగండి, తప్పయినప్పుడే అడిగితే ఆ ప్రశ్న వినగానే జవాబు మార్చేస్తారు.

పదిని రెండు ముక్కలు చేసే ఆట కూడా ఈ వయసులోనే. పది గింజలు తీసుకుని రెండు పిడికిళ్ళలో దాచి, ఒక పిడికిలి తెరవండి, నాలుగున్నాయి, రెండోదాంట్లో ఎన్ని? ఏళ్ళ తరబడి కూడికలు, తీసివేతలు నడిచేది ఈ జంటల మీదే, 6-4, 7-3, 8-2 ఆలోచించకుండా రావాలి. అలాగని పట్టిక రాసి గోడకంటించి బట్టీ పెట్టించొద్దు, పిడికిలి ఆటే వంద సార్లు ఆడండి, బస్సులో కూడా ఆడొచ్చు.

ముగ్గులు వేసే ఇల్లయితే ఇంకో అవకాశం ఉంది. ఏడు చుక్కలు, నాలుగు వచ్చేదాకా సందుచుక్క అంటే మధ్యలో 7, పైన 6, 5, 4, కింద 6, 5, 4. చుక్కలు పిల్లలతో పెట్టించండి, పంక్తికి ఒకటి తగ్గుతూ పోవడం వాళ్ళ చేతికే తెలుస్తుంది. మొత్తం 37 చుక్కలు, అది లెక్కపెట్టే పని తర్వాతి మెట్టుకు దాచుకోండి.

మూడో మెట్టు: కట్టలు కట్టడం

నా దృష్టిలో అసలు చదువంతా ఇక్కడే ఉంది, తొందరపడకుండా నెలా రెండు నెలలు ఇక్కడే ఉండిపోయినా నష్టం లేదు.

చీపురు పుల్లలు సమానంగా విరిచి ఓ వంద, రబ్బరు బ్యాండ్లు ఒక పొట్లం పెట్టుకోండి. ఐస్‌క్రీం పుల్లలైనా సరే, కొనుక్కోవచ్చు. గుప్పెడు పుల్లలు పిల్లల ముందు వేసి 'ఎన్ని ఉంటాయనుకుంటున్నావు?' అని ముందు ఊహ అడగండి, అది ఎంతైనా సరే పలక మీద రాసిపెట్టండి. తర్వాత లెక్కపెట్టడం. 23 దాకా వచ్చేసరికి మధ్యలో ఎవరో పిలుస్తారు, లెక్క తప్పుతుంది, మళ్ళీ మొదటి నుంచి. ఇలా రెండుసార్లు విసుగొచ్చాక 'పది కాగానే కట్ట కట్టేస్తే?' అనండి. కట్ట ఎందుకో అప్పుడు వాళ్ళకే అర్థమవుతుంది.

ఒక ముఖ్యమైన సంగతి, కట్ట పిల్లలే కట్టాలి. మీరు కట్టి పెట్టిన కట్టలు తెచ్చి ఇస్తే అవి వాళ్ళకు లావుపాటి పుల్లలే తప్ప పది కాదు. ఆ పది పుల్లలూ గుప్పిట్లో పట్టుకుని, రబ్బరు బ్యాండు రెండు చుట్లు తిప్పలేక, ఒక పుల్ల జారిపోయి, మళ్ళీ లెక్కపెట్టి తొమ్మిదే ఉన్నాయేంటని మంచం కింద వెతికి తెచ్చి కట్టిన కట్ట ఉంది చూశారూ, దాంట్లో పది ఉన్నాయని ఆ పిల్లకు ఇక ఎవరూ చెప్పక్కర్లేదు. రెండు కట్టలు, విడిగా మూడు. 'ఇరవై మూడు' అని మీరు పేరు పెట్టండి. ఇప్పుడే అంకెలు రాయించొద్దు, 'రెండు పదులు, మూడు ఒకట్లు' అని నోటితో అనిపించండి, చాలు.

మెడికల్ షాపు నుంచి వచ్చిన ఖాళీ మాత్రల షీట్లు (పదేసి గుంటలవి చూసి ఏరండి, కొన్నిటికి పదిహేను ఉంటాయి), పది ఎర్రవి పది తెల్లవి మార్చి మార్చి గుచ్చిన వంద పూసల దండ, ఇవన్నీ ఇదే పని చేస్తాయి. ఈ పూసల దండనే బళ్ళలో గణితమాల అంటారు, ఇంట్లో ఒకటి గుచ్చుకుంటే ఆరు నెలలు పనికొస్తుంది, తోరణంలా గోడకు కట్టి ఒక పూస దగ్గర బట్టల క్లిప్పు పెట్టి 'ఇది ఎన్నో పూస' అని అడగొచ్చు.

ఈ దశలో పిల్లలు 'ఇరవై తొమ్మిది, ఇరవై పది' అంటారు. నవ్వకండి, అది తప్పే అయినా తెలివైన తప్పు, లెక్కలోని క్రమం పట్టుకున్న పిల్లే ఆ మాట అనగలదు. 'అవును కదా, ఇరవై, ఇంకో పది, కట్టేద్దామా?' అంటే కట్ట కట్టేస్తారు, మూడు కట్టలవుతాయి, దానికి ముప్ఫై అని పేరు.

ఇంగ్లీషు మీడియం పిల్లలతో ఒక జాగ్రత్త. థర్టీన్ విని 31 రాసేవాళ్ళు, ఫిఫ్టీన్‌కీ ఫిఫ్టీకీ తికమకపడేవాళ్ళు చాలామంది, ఎందుకంటే ఆ పేర్లలో ఒకట్లు ముందు వినపడతాయి, పది తోకలా వస్తుంది. పదమూడు, పద్నాలుగు అన్నప్పుడు పది ముందే వినపడుతుంది, రాసేటప్పుడు కూడా అదే వరుస. కాబట్టి కట్టలతో ఆడేటప్పుడు తెలుగులోనే చెప్పించండి, హైదరాబాదులో ఉన్నా డాలస్‌లో ఉన్నా. ఇంగ్లీషు పేర్లు పక్కన 'వన్ టెన్ త్రీ వన్స్' అంటూ నెమ్మదిగా కలపొచ్చు. పిల్లలు పాడైపోరు, నాదీ పూచీ.

నాలుగో మెట్టు: ఇప్పుడు రాత

అట్ట ముక్కలతో కార్డులు చేయండి. 1 నుంచి 9 దాకా ఒక గడి వెడల్పు కార్డులు, 10, 20, 30... 90 రెండు గడుల వెడల్పు, 100, 200... 900 మూడు గడుల వెడల్పు. మూడు కట్టలు, ఏడు పుల్లలు ఎదురుగా పెట్టి 30 కార్డు, 7 కార్డు తీయమనండి. 7ని తెచ్చి 30లోని సున్నా మీద పెడితే 37 అవుతుంది. మళ్ళీ 7 ఎత్తితే కింద సున్నా దొరుకుతుంది. పిల్లలు దీన్ని మ్యాజిక్‌లా పదిసార్లు పెట్టి తీస్తారు, తీయనివ్వండి. 37లో 3 అంటే ముప్ఫై అన్న ముక్క మీరెంత వివరించినా రానిది ఆ సున్నా కనపడినప్పుడు వస్తుంది.

ఆ తర్వాతే ఒకట్లు, పదులు అని గడులు గీయడం. పుస్తకంలో ముందే గడులు గీసి ఇస్తే పిల్లలు 3ని ఒక గడిలో 7ని ఇంకో గడిలో వేసి మార్కులు తెచ్చేసుకుంటారు, అది అంకెలు సర్దడమే.

సున్నా సంగతి ఒక్కటి. నాలుగు కట్టలే ఉన్నాయి, విడి పుల్లలు లేవు, ఎలా రాస్తావు? 4 అని రాస్తే అది నాలుగు పుల్లలైపోతుంది. పక్కన ఏమీ లేవని చెప్పే గుర్తు ఒకటి కావాలి కదా. ఈ తగువు పిల్లలతోనే పెట్టుకోండి, సున్నా వాళ్ళే అడిగి తీసుకుంటారు.

ఐదో మెట్టు: కట్ట విప్పడం

తీసివేతలో మనందరికీ బళ్ళో నేర్పింది 'అప్పు తెచ్చుకో' అని. మరి ఆ అప్పు ఎప్పుడు తీరుస్తారని ఏ పిల్లాడైనా అడిగితే మన దగ్గర జవాబు లేదు, ఎందుకంటే అక్కడ అప్పేమీ లేదు, ఒక కట్ట విప్పుతున్నాం, అంతే.

34 లోంచి 8 తీయాలి. మూడు కట్టలు, నాలుగు పుల్లలు. 'నాకు ఎనిమిది ఇవ్వు' అనండి, మెదలకుండా కూర్చోండి. పిల్ల నాలుగు పుల్లలు ఇచ్చేసి ఆగుతుంది, కట్ట కేసి చూస్తుంది, 'విప్పనా?' అని అడుగుతుంది. ఆ మాట మీ నోటి నుంచి రాకూడదు, ఎంతసేపైనా పిల్ల నోటి నుంచే రావాలి. విప్పి ఇంకో నాలుగు ఇస్తుంది, ఆరు మిగులుతాయి, పక్కన రెండు కట్టలు, 26. కొంతమంది ముందే కట్ట విప్పి 14లోంచి 8 ఇస్తారు. రెండూ సరైనవే, ఇదే పద్ధతిలో చేయాలని పట్టుబట్టకండి. కూడికకు వచ్చేసరికి ఇదే తిరగబడుతుంది, 27కి 5 కలిపితే విడిపుల్లలు 12 అవుతాయి, పది కనపడగానే చేయి రబ్బరు బ్యాండు వైపు వెళ్ళాలి. అప్పటిదాకా నిలువు లెక్కలు నోటు పుస్తకంలో చేయించడం వృథా. బడిలో హోంవర్క్ ఇచ్చేశారంటారా, చేయించండి, కానీ పుల్లలు పక్కన పెట్టుకుని చేయనివ్వండి, వేళ్ళు, కణుపులు వాడితే వాడనివ్వండి.

ఆరో మెట్టు: వందలు, డబ్బులు

పది కట్టలు కలిపి పెద్ద రబ్బరు బ్యాండు వేస్తే వంద. ఆ లావు ఒకసారి చేతికి అందాలి. ఇక్కడ ఎదురయ్యే తప్పు ఒకటే, నూట మూడు అంటే 1003 రాస్తారు, విన్నది విన్నట్టు, వంద, తర్వాత మూడు. దానికి మళ్ళీ కార్డులే మందు, 100 కార్డు చివరి సున్నా మీద 3 పెడితే 103, మధ్యలో సున్నా దానంతటదే మిగిలిపోతుంది, అక్కడ విడి కట్టలేమీ లేవని.

ఇప్పుడు డబ్బులు తేవచ్చు. ముందెందుకు వద్దంటున్నానంటే కట్ట విప్పితే పది పుల్లలు కనపడతాయి, పది రూపాయల నోటు చింపితే పది రూపాయిలు రావు, అది పది అని నమ్మాలి. కట్టలు కట్టి కట్టి అలవాటైన పిల్లలే ఆ నమ్మకం అర్థం చేసుకుంటారు. రూపాయి బిళ్ళలు, పది నోట్లు, వంద నోట్లు మాత్రమే పెట్టి కొట్టు ఆట ఆడండి, ఐదులు, ఇరవైలు, యాభైలు తర్వాత. 47 రూపాయల సబ్బు కొనాలంటే నాలుగు నోట్లు, ఏడు బిళ్ళలు. మూడు నోట్లే ఉంటే? పదిహేడు బిళ్ళలు. నోట్లే లేకపోతే? ఒకే సంఖ్యను ఇన్ని రకాలుగా పేర్చొచ్చని తెలిసిన పిల్లకు తర్వాత తీసివేతలు భయపెట్టవు. ఈమధ్య ప్రతి కొట్టులోనూ ఫోన్ స్కాన్ చేసి వచ్చేస్తున్నాం కదా, పిల్లలకు చిల్లర చేతిలో పడటమే తగ్గిపోయింది, వారానికోసారైనా కూరగాయలకు నోట్లు ఇచ్చి పంపండి.

ఏడో మెట్టు: ఏది ఎంత దూరంలో ఉంది

సంఖ్యలు కట్టలుగా ఎంత తెలియాలో వరుసగా కూడా అంతే తెలియాలి, 48 యాభైకి దగ్గర, 12కి దూరం అని. ఇంట్లో టైలరు టేపు ఉంటే పరిచేయండి, సెంటీమీటర్ల వైపు 150 దాకా ఉంటుంది. 0 నుంచి 100 దాకా మీద కాగితం కప్పి, పదులు మాత్రం కనపడేలా కన్నాలు పెట్టి, 67 ఎక్కడుంటుందో వేలు పెట్టమనండి, కాగితం తీసి చూసుకోనివ్వండి.

వంద గడుల పట్టిక కూడా మంచిదే, 1 నుంచి 10 ఒక వరుస, దాని కింద 11 నుంచి 20, అలా రాసినదైతే ఒక గడి కిందికి దిగితే పది పెరుగుతుంది, 34 కింద 44. పాములూ నిచ్చెనల అట్టను దీనికి వాడొద్దు, అందులో వరుస చివర మలుపు తిరిగి వెనక్కి వస్తుంది కాబట్టి ఈ కిటుకు పనిచేయదు. ఆటకు ఆట ఆడుకోండి, పందెం పడినప్పుడు గడి గడి జరపకుండా 'ఐదు పడింది, 28లో ఉన్నావు, ఎక్కడికెళ్తావు' అని ముందే అడగండి. 30కి రెండు, ఇంకో మూడు, 33. గుడ్ల అట్ట, పిడికిలి ఆట ఇక్కడ అక్కరకొస్తాయి.

రోజుకు పది పదిహేను నిమిషాలు చాలు, పిల్లలు ఆవలించకముందే ఆపేయండి, 'ఇంకొక్కటి' అంటున్నప్పుడు ఆపితే మరీ మంచిది. టైము పెట్టి చెప్పించొద్దు, పక్కింటి పిల్లతో పోటీ అసలే వద్దు. మూడో తరగతికి వచ్చినా ఇంకా తికమక పడుతుంటే వయసు చూసి మొహమాటపడకుండా మూడో మెట్టుకు దిగండి, పెద్ద పిల్లలు ఈ మెట్లు పదిహేను రోజుల్లో ఎక్కేస్తారు. పుల్లలన్నీ ఒక డబ్బాలో వేసి మూత పెట్టి చేతికందేచోట ఉంచండి. రబ్బరు బ్యాండ్లు మాత్రం కాస్త ఎక్కువే కొనుక్కోండి, సగం తెగిపోతాయి, సగం ఎవరి జడకు పోతాయో దేవుడికే తెలియాలి.